మూత తీయమన్న అమ్మ

“పెట్టె తెరవొచ్చా అండీ?”

నల్గొండ దగ్గర ఒక ఊరి నుంచి ఫోన్. ఇక్కడ షికాగోలో రాత్రి పదకొండున్నర, అక్కడ పొద్దున పది. కొడుకు బాడీ ఆ తెల్లవారుజామున శంషాబాద్ కార్గోలో దిగింది. అంబులెన్సులో ఇంటికి తెచ్చి వాకిట్లో బల్ల మీద పెట్టారు. ఫోన్లోనే తెలిసిపోతోంది చుట్టూ జనం ఉన్నారని. వెనకాల ఒక ఆడమనిషి ఏడుపు. దాని మీదుగా ఎవరో “ఆ కాగితాలు జాగ్రత్త చెయ్యండ్రా” అని అరుస్తున్నారు.

“వద్దండీ,” అన్నాను. “చాలా రోజులైంది కదా. ఇక్కడ అన్నీ పద్ధతిగా చేసే పంపించాం. ఫోటో పెట్టుకుని కార్యక్రమం కానివ్వండి.”

ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత “సరేనండి” అన్నాడు. నేను పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది.

మన తెలుగు సంఘం సహాయ బృందంలో ఉన్నవాళ్ళకి ఇలాంటి ఫోన్లు కొత్త కాదు. ఈ పనిలో మన చెయ్యి తిరిగిపోయింది. డెత్ సర్టిఫికెట్, ఎంబామింగ్ సర్టిఫికెట్, రద్దు చేయించిన పాస్‌పోర్టు, కాన్సులేట్ ఎన్‌ఓసీ, కార్గో బుకింగ్... ఏ కాగితం తర్వాత ఏ కాగితమో నిద్రలో లేపి అడిగినా చెప్తాం. విరాళాల పేజీ పెడితే రెండు మూడు రోజుల్లో టార్గెట్ దాటేస్తుంది. ఎవరి కొడుకో, ఏ జిల్లానో అడగకుండా డబ్బులేసే జనం మనవాళ్ళు. ఇందులో గర్వపడాల్సింది ఉంది, నేనూ పడ్డాను. ఆ గర్వం కొంచెం దిగింది వాషింగ్టన్‌లో.

ఇండియా నుంచి వచ్చిన చుట్టాలకి ఊరు చూపిస్తూ ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతి మ్యూజియానికి వెళ్ళాం. అక్కడ ఒకచోట పొడుగాటి క్యూ. లోపల చిన్న గది, చర్చిలా అమర్చారు. ఫోటోలు తీయకూడదు. మా బావమరిది అలవాటుగా జేబులోంచి ఫోన్ తీస్తే అక్కడ నిలబడ్డ ఉద్యోగిని ఒక్క మాట కూడా అనకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది. ముందుకి నడిస్తే ఒక శవపేటిక. ఖాళీది. 1955 నాటిది. 2005లో హత్య కేసు కోసం సమాధి తవ్వినప్పుడు అందులో ఉన్న పిల్లాణ్ణి కొత్త పెట్టెలో పెట్టి మళ్ళీ పూడ్చారు, ఈ పాత పెట్టె మన షికాగో దగ్గర ఆల్సిప్‌లోని బర్ ఓక్ శ్మశానంలో ఒక షెడ్డులో తుప్పు పట్టి 2009లో దొరికింది. దానికి అద్దం మూత ఉండేది.

ఆ అద్దం ఎవరు పెట్టించారో, ఎందుకు పెట్టించారో చదువుకుంటూ ఉంటే నల్గొండ ఆయన ఫోన్ గుర్తొచ్చింది. తిరుగుప్రయాణంలో నేను ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మా ఆవిడ, నడిచి నడిచి అలిసిపోయాడు అనుకుంది.

ఆ పెట్టె ఎమ్మెట్ టిల్‌ది. 1955లో మిసిసిపీలో తెల్లవాళ్ళు చంపేసిన పద్నాలుగేళ్ళ నల్లజాతి పిల్లాడు. అద్దం పెట్టించింది అతని తల్లి మామీ టిల్-మోబ్లీ గారు. అప్పటికి ఆవిడ వయసు 33. మన బృందంలో చాలామంది వాలంటీర్ల కన్నా చిన్నది.

ఆవిడ పుట్టింది మిసిసిపీలో, వెబ్ అనే పల్లె దగ్గర, 1921లో. రెండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడే కుటుంబం ఇల్లినాయ్‌కి వలస వచ్చింది. తండ్రికి ఆర్గోలో మొక్కజొన్న ఫ్యాక్టరీలో పని. మిడ్‌వే ఎయిర్‌పోర్టుకి వెళ్తూ మనం దాటే సమ్మిట్ అనే ఊరు ఉందే, అక్కడ. దక్షిణాది నుంచి లక్షల మంది నల్లజాతివాళ్ళు అలా పొట్ట చేతపట్టుకుని ఉత్తరాదికి వచ్చారు. ఊరొదిలి వచ్చినవాళ్ళ ఇళ్ళలో ఉండేవన్నీ ఆ ఇంట్లోనూ ఉన్నాయి: వచ్చిపోయే చుట్టాలు, చదువు మీద పట్టుదల, ఆదివారం చర్చి, సొంతూరు మీద సగం ప్రేమ, సగం భయం. హైస్కూల్లో ఆవిడ మొదటి శ్రేణి మార్కుల జాబితాకి ఎక్కారు. ఆ స్కూల్లో ఒక నల్లజాతి విద్యార్థి పేరు ఆ జాబితాలో పడటం అదే మొదటిసారి. కొడుకు 1941 జూలై 25న పుట్టాడు. ముద్దుపేరు బోబో. పోలియో వచ్చి తగ్గింది కానీ నత్తి మిగిలిపోయింది. కొన్ని అక్షరాల దగ్గర మాట ఇరుక్కుంటే ఈల వేసి ఊపిరి సర్దుకోమని తల్లే నేర్పారు.

1955 ఆగస్టులో మిసిసిపీ నుంచి చిన్నతాత మోజ్ రైట్ వచ్చాడు. తిరిగి వెళ్తూ పిల్లల్ని తీసుకెళ్తానన్నాడు. సెలవులు, చేపలు పట్టుకోవచ్చు, పత్తి చేలు చూడొచ్చు. మన పిల్లలు వేసవిలో అమ్మమ్మ గారి ఊరికి వెళ్ళడం లాంటిదే. మామీ గారికి ఇష్టం లేదు, పిల్లాడు మొండికేశాడు. ఒప్పుకున్నాక కూర్చోబెట్టి పాఠం చెప్పారు: అక్కడ ఇక్కడిలా కాదు. తెల్లవాళ్ళతో ఎదురు మాట్లాడకు. తెల్ల ఆడవాళ్ళు ఎదురొస్తే తల వంచుకో. అవసరమైతే మోకాళ్ళ మీద పడు, తప్పు లేదు.

ఆగస్టు 20న ఎంగిల్‌వుడ్ స్టేషన్లో రైలు కదలబోతుంటే ముద్దు కూడా పెట్టకుండా పరిగెత్తుతున్న కొడుకుని ఆవిడ వెనక్కి పిలిచారు. వాడు ముద్దు పెట్టి, చేతి గడియారం తీసి అమ్మకిచ్చాడు, అక్కడ నాకిది అక్కర్లేదని. వేలికి ఉన్న ఉంగరం మాత్రం ఉంచుకున్నాడు. చనిపోయిన తండ్రిది అది, వెండిది. మీద ఎల్.టి. అని అక్షరాలు. పదకొండు రోజుల తర్వాత ఆ ఉంగరమే వాణ్ణి గుర్తుపట్టించింది.

మధ్యలో జరిగింది చాలామందికి తెలిసిందే, క్లుప్తంగా చెప్తాను. మనీ అనే పల్లెలో బ్రయంట్ కిరాణా కొట్టు. 24వ తేదీన పిల్లలు అక్కడికి వెళ్ళారు. కొట్టులో ఉన్న తెల్లావిడని చూసి ఈల వేశాడని నేరం. 28 తెల్లవారుజామున ఆవిడ భర్త రాయ్ బ్రయంట్, అతని అన్న జె.డబ్ల్యూ. మైలమ్ తుపాకీ, టార్చిలైటు పట్టుకుని మోజ్ రైట్ ఇంటికొచ్చి నిద్రపోతున్న పిల్లాణ్ణి లేపి తీసుకుపోయారు. 31న టాలహాచీ నదిలో శవం తేలింది. మెడకి పత్తి మిల్లు ఫ్యాను ముళ్ళతీగతో కట్టి ఉంది.

అక్కడి షెరీఫ్ వెంటనే పూడ్చిపెట్టమన్నాడు. గొయ్యి కూడా తవ్వేశారు. కబురు షికాగోకి చేరింది కాబట్టి ఆగింది. మామీ గారు అక్కడా ఇక్కడా ఫోన్లు చేయించి బాడీని రైల్లో రప్పించుకున్నారు. పెట్టెకి సీలు వేసి పంపారు. తెరవకూడదన్న షరతు మీద మిసిసిపీలో సంతకాలు పెట్టించుకున్నారు. షికాగోలో అంత్యక్రియలు చూసే రేనర్ గారు ఆ మాటే చెప్పి తన చేతులు కట్టేసి ఉన్నాయన్నారు. మామీ గారు ఆయన్ని, మీ దగ్గర సుత్తి ఉందా అని అడిగారు. మీరు తెరవలేకపోతే నేను తెరుస్తాను, నేనేమీ సంతకం పెట్టలేదు అన్నారు.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఆ సీలూ, ఆ షరతూ ఊరికే వచ్చినవి కావు. వేసింది చంపినవాళ్ళు కాదు, పద్ధతి తెలిసిన ఆఫీసువాళ్ళు, కాగితాలవాళ్ళు. వాళ్ళలో ఒకరిద్దరు “పాపం, తల్లి చూడలేదు” అని నిజంగానే అనుకుని ఉండొచ్చు. నేనూ అలాగే అనుకున్నాను నల్గొండకి చెప్పినప్పుడు.

పెట్టె తెరిచారు. ఆవిడ ముఖం దగ్గర మొదలుపెట్టలేదు. మొదలుపెట్టలేకపోయారు. పాదాల దగ్గర మొదలుపెట్టారు. పాదాలు, చీలమండలు, మోకాళ్ళు. ఈ మోకాలు నాకు తెలుసు అనుకుంటూ ఒక్కొక్కటే చూసుకుంటూ పైకి వెళ్ళారు. చివరికి ముఖం. అక్కడ మిగిలినదాన్ని పళ్ళని బట్టి, చెవిని బట్టి, ఉన్న ఒక్క కంటి రంగుని బట్టి పోల్చుకున్నారు. ఆ చూసినదంతా తర్వాత ఆత్మకథలో ఆవిడే చెప్పారు, ఒక డాక్టరు రిపోర్టు రాసినంత ఓపికగా. చదవడం కష్టం. నేను రెండుసార్లు మూసి పక్కన పెట్టాను.

కొంచెం సరిచేసి పెట్టనా అని రేనర్ గారు అడిగారు. వద్దన్నారు. నేను చూసింది లోకం చూడాలి అన్నారు.

సౌత్ స్టేట్ స్ట్రీట్‌లో రాబర్ట్స్ టెంపుల్ చర్చి ఉంది, ఇప్పటికీ ఉంది. అక్కడ పెట్టెని అద్దం కింద ఉంచారు. మూతకి లోపలివైపు మూడు ఫోటోలు తగిలించారు, కిందటి క్రిస్మస్‌కి తీయించినవి. కొత్త సూటు, టోపీ, నవ్వు. కింద ఉన్నది, పైన ఉన్నది ఒకడేనని చూసినవాళ్ళకి తెలియాలి కదా. పదుల వేల మంది వరసలో నడిచి వెళ్ళారు, కొందరు కళ్ళు తిరిగి పడిపోయారు. ‘జెట్’ అనే నల్లజాతివాళ్ళ వారపత్రిక ఆ ముఖం ఫోటో వేసింది. పెద్ద పెద్ద పేపర్లు వేయలేదు.

ధైర్యం అనే మాటని మనం చాలా చవకగా వాడతాం. స్టేజి ఎక్కిన ప్రతివాళ్ళకీ శాలువాతో పాటు ఇచ్చేస్తాం. నా ఉద్దేశంలో మామీ గారి ధైర్యం కోర్టుకి వెళ్ళడంలో లేదు, ఉపన్యాసాల్లో లేదు. కొడుకు గురించి జనానికి ఆఖరి జ్ఞాపకం ఏది ఉండాలో తల్లి చేతిలో ఉన్న ఒకే ఒక్క హక్కు. ఆ హక్కుని ఆవిడ వదులుకున్నారు. అందంగా దువ్విన తల, క్రిస్మస్ సూటు గుర్తుండేలా చేసుకోగలిగేవారు. ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ఇప్పటికీ ఎమ్మెట్ టిల్ అనగానే కోట్ల మందికి కనబడేది ఆ చితికిపోయిన ముఖం. ఆ ధర తెలిసే ఆవిడ చెల్లించారు.

మనలో ఎవరు చేస్తాం? మన భాషలో “కడుపుకోత” అంటాం. ఆ మాటలోనే అది లోపలిది, మూసి ఉంచాల్సింది అన్న భావం ఉంది. పెళ్ళి చెడినా, ఉద్యోగం పోయినా, ఇంట్లో పిల్లాడు డిప్రెషన్‌తో మంచం పట్టినా మనకి ముందు వచ్చే ఆలోచన నలుగురికీ తెలియకూడదని.

సెప్టెంబరు 19న మిసిసిపీలోని సమ్నర్ ఊళ్ళో విచారణ మొదలైంది. జ్యూరీలో పన్నెండు మందీ తెల్ల మగవాళ్ళే. ఊళ్ళో ఉన్న అయిదుగురు లాయర్లూ ముద్దాయిల తరఫునే. నల్లజాతి విలేకర్లకి ఒక మూల పేకాట బల్ల లాంటిది వేశారు. డెట్రాయిట్ నుంచి వచ్చిన కాంగ్రెస్ సభ్యుడు చార్ల్స్ డిగ్స్‌కి కూడా అక్కడే చోటు. మామీ గారు షికాగో నుంచి వచ్చి సాక్ష్యం చెప్పారు.

ఇంతవరకూ నేను ఆవిడ పేరు పక్కన “గారు” ఎందుకు రాస్తూ వచ్చానో ఇక్కడ చెప్పాలి. దక్షిణాదిలో ఆ రోజుల్లో నల్లవాళ్ళకి మిస్టర్, మిసెస్ అనేవి లేవు. ఏ వయసువాళ్ళయినా పేరు పెట్టి పిలవడమే. ఎయిర్‌ఫోర్స్ ఆఫీసులో రహస్య ఫైళ్ళు చూసే ఉద్యోగిని, బిడ్డని పోగొట్టుకున్న తల్లి, ఆ కోర్టులో లాయర్లకి ఉత్త “మామీ”. అరవై నాలుగేళ్ళ మోజ్ రైట్ ఉత్త “మోజ్”. మన భాషలోకి తెస్తే “ఏమే”, “ఏరా”.

అది చదివినప్పుడు మా ఊళ్ళో మా తాతగారి వాకిలి గుర్తొచ్చింది నాకు. పొద్దున్నే పల్లె నుంచి పనికి వచ్చే పెద్దవాళ్ళని, తన ఈడువాళ్ళని కూడా, ఆయన “ఒరే” అనే పిలిచేవాడు. వాళ్ళు పదేళ్ళ నన్ను “బాబుగారూ” అనేవాళ్ళు. నేను పలికేవాణ్ణి కూడా. సమ్నర్ కోర్టుని చదివి కోపం తెచ్చుకోవడం తేలిక. ఆ వాకిలి దగ్గర ఆగి నిలబడటం కష్టం.

ముద్దాయిల లాయర్ల వాదన ఏమిటంటే, నదిలో దొరికింది ఎమ్మెట్ శవమే కాదు, పిల్లాడు ఎక్కడో బతికే ఉన్నాడు, ఇదంతా హక్కుల సంఘంవాళ్ళ నాటకం. కాబట్టి తల్లిని అడిగారు, అది నీ కొడుకే అని ఎలా చెప్తున్నావు? తర్వాత ఇంకో ప్రశ్న: వాడి మీద ఇన్సూరెన్సు ఉందా, ఎంత? ఉందన్నారు ఆవిడ. వారానికి పది సెంట్లది ఒకటి, పదిహేను సెంట్లది ఒకటి. రెండూ కలిపి నాలుగు వందల డాలర్లు. డబ్బు తీసుకున్నావా? లేదు, డెత్ సర్టిఫికెట్ కోసం చూస్తున్నాను.

డెత్ సర్టిఫికెట్ కోసం చూడటం ఏమిటో ఈ పత్రిక చదివేవాళ్ళలో కొందరికి తెలుసు.

మోజ్ రైట్ బోనులోంచి లేచి నిలబడి, నా ఇంటికొచ్చింది వీళ్ళే అని ఇద్దరు తెల్లవాళ్ళ వైపు వేలు చూపించాడు. ఆ రోజుల మిసిసిపీలో అది ప్రాణాల మీదకి తెచ్చుకోవడమే. సాక్ష్యం తర్వాత ఆయన చేలో పత్తి చేలోనే వదిలేసి షికాగో వచ్చేశాడు. జ్యూరీ 67 నిమిషాల్లో ఇద్దరూ నిర్దోషులని తేల్చింది. కూల్‌డ్రింకులు తాగడానికి ఆగాం కానీ లేకపోతే అంతసేపు కూడా పట్టేది కాదని ఒక జ్యూరీ సభ్యుడే అన్నాడు. నాలుగు నెలలకి అదే ముద్దాయిలు ఒక పత్రిక దగ్గర సుమారు 4,000 డాలర్లు తీసుకుని, అవును మేమే చంపాం అని చెప్పుకున్నారు. ఒకసారి వదిలేశాక అదే నేరానికి మళ్ళీ విచారించకూడదు. చట్టం అది.

నాలుగు వందల డాలర్ల ప్రశ్న దగ్గర నాకు సియాటెల్ గుర్తొస్తుంది. 2023 జనవరి 23న ఆదోని అమ్మాయి కందుల జాహ్నవి రోడ్డు దాటుతుంటే పోలీసు కారు గుద్దింది. గంటకి 25 మైళ్ళు దాటకూడని రోడ్డు మీద ఆ కారు 74 మైళ్ళ వేగం దాకా వెళ్ళింది. అమ్మాయి చనిపోయింది. ఆ తర్వాత ఇంకో పోలీసు ఆఫీసరు ఫోన్లో నవ్వుతూ, పదకొండు వేల డాలర్లకి చెక్కు రాస్తే సరిపోతుంది, ఎలాగూ 26 ఏళ్ళు, విలువ అంతంతమాత్రమే అన్న మాటలు అతని ఒంటి మీది కెమెరాలోనే రికార్డయ్యాయి. అమ్మాయికి 23. వయసు కూడా సరిగ్గా చెప్పలేదు. సిటీ లాయర్లని వెక్కిరిస్తూ అన్నానని తర్వాత చెప్పుకున్నాడు, 2024లో ఉద్యోగం పోయింది. కారు నడిపినతని మీద ప్రాసిక్యూటర్ పెద్ద నేరం కింద కేసు పెట్టలేదు, 2025లో అతని ఉద్యోగమూ పోయింది. జనవరిలో జరిగింది, ఆ మాటలు సెప్టెంబరులో బయటికొచ్చాయి. ఆ ఎనిమిది నెలలూ మన దృష్టిలో అదొక రోడ్డు ప్రమాదం. పాపం, బాడీ పంపించేశాం.

ఆ రికార్డింగ్ బయటికి రావడం కూడా ఒక మూత తీయడమే. అది వచ్చాక సియాటెల్ వీధుల్లో నిలబడ్డవాళ్ళలో తెలుగు రానివాళ్ళు, జాహ్నవి అన్న పేరు సరిగ్గా పలకలేనివాళ్ళు ఎంతోమంది ఉన్నారు.

మామీ గారి కథలో ఎవరూ పెద్దగా చెప్పుకోని ముక్క ఒకటుంది. తీర్పు తర్వాత ఆవిడ దేశమంతా తిరిగి మాట్లాడారు, వేలమంది వచ్చారు, హక్కుల సంఘం ఎన్‌ఏఏసీపీకి విరాళాలు పోగయ్యాయి. ఉద్యోగం చేసుకునే మనిషి, ఇల్లు గడవాలి. పడమటి తీరం పర్యటనకి 5,000 డాలర్లు ఇమ్మన్నారు. సంఘం పెద్దలకి కోపం వచ్చింది. కొడుకు చావుని అమ్ముకుంటున్నట్టు ఉందని పర్యటన రద్దు చేసి ఆవిడ స్థానంలో మోజ్ రైట్‌ని పెట్టారు. నాకైతే ఆవిడ అడిగింది న్యాయంగానే అనిపిస్తుంది. హాలు అద్దెకి డబ్బిచ్చారు, మైకువాడికిచ్చారు, ఏడ్చే తల్లికి మాత్రం ఇవ్వకూడదు. తల్లి ఊరికే ఏడవాలి. సంఘాలు నడిపే మనం ఈ ముక్క రెండుసార్లు చదవాలి.

ఆవిడ తిరిగి బడికి వెళ్ళారు. 1960లో టీచర్స్ కాలేజీ నుంచి మంచి మార్కులతో బయటికొచ్చి, షికాగో బడుల్లో రెండు దశాబ్దాలకి పైగా పాఠాలు చెప్పారు. పిల్లలతో ఒక బృందం కట్టి మార్టిన్ లూథర్ కింగ్ ఉపన్యాసాలు కంఠతా చెప్పించేవారు. 2003 జనవరిలో పోయారు, 81 ఏళ్ళకి. నేరస్థులెవరూ శిక్ష పడి జైలుకి వెళ్ళడం చూడలేదు. కొట్టులో ఉన్న ఆవిడ 2023 దాకా బతికింది. కొట్టి చంపే మూకల నేరానికి ఫెడరల్ చట్టం చేయాలని మొదటి బిల్లు 1900లో వచ్చింది, ఎమ్మెట్ పేరుతో అది చట్టమయ్యేసరికి 2022. శవం దొరికిన చోట నది ఒడ్డున పెట్టిన బోర్డుని తుపాకులతో కాల్చి తూట్లు పొడిస్తే మళ్ళీ పెట్టారు, మళ్ళీ కాల్చారు. 2019లో తూటా దిగని బోర్డు పెట్టాల్సి వచ్చింది. ఆ ఒడ్డు, సమ్నర్ కోర్టు, మన రాబర్ట్స్ టెంపుల్, మూడూ కలిపి 2023లో జాతీయ స్మారకం అయ్యాయి.

1955 డిసెంబరు 1న మాంట్‌గోమరీ బస్సులో రోజా పార్క్స్ సీట్లోంచి లేవలేదు. ఎమ్మెట్ గుర్తొచ్చాడు, లేవలేకపోయాను అని తర్వాత చెప్పారు. అక్కడి నుంచి పదేళ్ళలో పౌరహక్కుల చట్టం, ఓటు హక్కు చట్టం, ఆ ఊపులోనే 1965 అక్టోబరులో కొత్త ఇమిగ్రేషన్ చట్టం. అంతకుముందు ఇండియా మొత్తానికి ఏడాదికి వంద మంది కోటా. ఇండియా మొత్తానికి! ఆ కోటాలో గుంటూరుకి ఎన్ని వచ్చేవో, కరీంనగర్‌కి ఎన్ని వచ్చేవో మీరే లెక్కేసుకోండి. మనం ఐఐటీ వల్ల వచ్చాం, కోడింగ్ వల్ల వచ్చాం అనుకుంటాం. అవీ నిజమే. కానీ తలుపు తెరిచినవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళలో కొందరు పిల్లల్ని పోగొట్టుకున్నారు. మన ఉత్సవాల సావనీర్లలో వాళ్ళ పేరు ఎక్కడా ఉండదు. స్పాన్సర్ల పేర్లు మాత్రం రంగుల్లో ఉంటాయి.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఓలేత్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపినప్పుడు, కాల్చినవాడు “నా దేశంలోంచి పొండి” అని అరిచాడు. ఆ వారం మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన సలహాలు గుర్తున్నాయా? బయట మాతృభాషలో మాట్లాడకండి. ఎవరైనా ఏమన్నా ఎదురు చెప్పకండి. తల వంచుకుని వచ్చేయండి. నేనూ రెండు గ్రూపుల్లో ఫార్వర్డ్ చేశాను. మామీ గారు కొడుక్కి రైలెక్కే ముందు చెప్పిన పాఠమే ఇది, అక్షరం పొల్లు పోకుండా. ఆ పాఠం నేర్చుకునే వెళ్ళాడు ఆ పిల్లాడు.

శ్రీనివాస్ భార్య సునయన దుమాల మాత్రం రెండు రోజులకే విలేకర్ల ముందు కూర్చుని, ఈ ద్వేషాన్ని ఆపడానికి ప్రభుత్వం ఏం చేస్తుందని అడిగింది. తెలుగు ఇళ్ళలో భర్త పోయిన రెండో రోజు భార్య ఎక్కడ కూర్చుంటుందో మనకి తెలుసు.

తీర్పు వచ్చిన కొద్ది వారాలకి మామీ గారు ఒక సభలో చెప్పిన మాట నా టేబుల్ మీద రాసి పెట్టుకున్నాను. రెండు నెలల క్రితం నాకు షికాగోలో మంచి అపార్ట్‌మెంటు, మంచి ఉద్యోగం, కొడుకు ఉన్నారు. దక్షిణాదిలో నల్లవాళ్ళకి ఏదైనా జరిగితే అది వాళ్ళ గొడవ, నాది కాదు అనుకునేదాన్ని అన్నారు. ఎంత తప్పో ఇప్పుడు తెలిసిందన్నారు. షికాగో, మంచి అపార్ట్‌మెంటు, మంచి ఉద్యోగం. షికాగో పక్కన నేపర్‌విల్‌లో కూర్చుని చదువుతుంటే నాకెందుకో ఇది నన్ను చూసే రాసినట్టుంటుంది.

ఈ పేరా ఎడిటర్ గారు ఉంచుతారో లేదో కానీ రాస్తాను. కిందటిసారి మన కమిటీలో ఎవరో ఎమ్మెట్ టిల్ గురించి పిల్లలకి ఒక కార్యక్రమం పెడదామంటే అందరూ ఒప్పుకున్నారు. నేను, వేముల రాధిక గారి గురించి కూడా ఒక మాట చెప్పిద్దామా అంటే గది చల్లబడిపోయింది. అది రాజకీయం అన్నారు. కుట్టుపని చేసి పిల్లల్ని పెంచిన మనిషి. 2016 జనవరిలో హైదరాబాద్ యూనివర్సిటీలో కొడుకు రోహిత్ పోయిన దగ్గర్నుంచి ఆవిడ ఎక్కువగా ఎదుర్కొన్న ప్రశ్న, మీ కులం ఏమిటో రుజువు చెయ్యండి అని. సమ్నర్‌లో ఒక తల్లిని, ఈ శవం నీ కొడుకుదేనా అని అడిగారు. ఇక్కడ ఒక తల్లిని, నువ్వు నువ్వేనా అని అడిగారు. 2019లో ఆవిడ, ముంబైలో చనిపోయిన డాక్టర్ పాయల్ తడ్వి తల్లితో కలిసి, కాలేజీల్లో వివక్ష ఆపమని సుప్రీంకోర్టుకి వెళ్ళారు. అరవై ఏడు నిమిషాల తీర్పుని చూసి గుండెలు బాదుకుని, ఇది మాత్రం రాజకీయం అంటే మన పిల్లలు అంత అమాయకులేం కాదు.

నేను చెప్పేది అన్ని చావులూ జాతి ద్వేషం వల్లే అని కాదు. మనం పంపించే బాడీల్లో ఎక్కువ రోడ్డు ప్రమాదాలు, ఈతకెళ్ళి మునిగిపోయినవి, గుండెపోట్లు, ఎవరికీ చెప్పుకోలేక చేసుకున్న ఆత్మహత్యలు. కానీ అవి ఏమిటో మనకెలా తెలుస్తుంది, అడక్కపోతే? నల్గొండ కుర్రాడు రాత్రి పని ముగించుకుని నడిచి వస్తుంటే ఒక కారు గుద్ది ఆగకుండా పోయింది. తొమ్మిది రోజుల్లో బాడీ పంపించాం, మాకది రికార్డు. ఆ తొమ్మిది రోజుల్లో పోలీసులకి ఫోన్ చేసి కారు దొరికిందా అని మాలో ఒక్కరం అడగలేదు. రిపోర్టు కాపీ తీసుకోలేదు. ఆ చౌరస్తాలో కెమెరా ఉందో లేదో చూడలేదు. కార్గో బుకింగ్ నంబరు మాత్రం నా ఫోన్లో ఇప్పటికీ ఉంది.

కాబట్టి కమిటీని ఒక్కటే అడుగుతున్నాను. సహాయ నిధిలోంచి కొంత తీసి ఒక లాయరుకి ఇద్దాం. ప్రతి మరణానికీ ఒక ఫైలు తెరుద్దాం, బాడీ వెళ్ళిపోయాక కూడా అది మూయొద్దు. పోలీసు రిపోర్టు, పోస్టుమార్టం కాగితం, అయినవాళ్ళు ఒప్పుకుంటే కేసు ఎక్కడిదాకా వచ్చిందో నెలకోసారి కనుక్కోవడం. షికాగోలో నల్లజాతివాళ్ళు ఎక్కువగా ఉండే సౌత్ సైడ్‌లో ఈ పని యాభై, అరవై ఏళ్ళుగా చేస్తున్నవాళ్ళున్నారు. వెళ్ళి అడిగితే నేర్పుతారు. అడగడానికి వెళ్ళినప్పుడు మన ఆడిటోరియంలో ఉచిత డిన్నర్ కూపన్లు ఇవ్వకుండా ఉంటే చాలు.

వాషింగ్టన్ నుంచి వచ్చాక నల్గొండ ఆయనకి నేనే ఫోన్ చేశాను. క్షమించమని అడుగుదామనుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఆ రోజు నేను తెరవొద్దన్నాను కదండీ అన్నాను.

“తెరిచామండీ,” అన్నాడు. “మీరు ఏమనుకుంటారోనని చెప్పలేదు. వాళ్ళమ్మ ఒప్పుకోలేదు. ముఖం నేను చూడలేకపోయిన. కాళ్ళు చూసిన. ఏడో తరగతిలో సైకిల్ చైన్ల పడ్డది, ఎడమ కాలికి మచ్చ ఉంటది. ఉంది. ఆమె ఆ మచ్చ మీద చెయ్యి పెట్టి కూసుంది.”

తర్వాత ఆయనే అడిగాడు. “ఆ కారు దొరికిందా సార్?”